ప్రశ్న ఎవరి సొత్తు? – వెబ్‌సైటు నిర్మాతల పరస్పర సహాయంపై ఒక పరిశీలన

తెలుగు శీర్షికతో వర్డ్‌ప్రెస్‌లో వ్యాసం ప్రచురించే సంపాదకుడికి తొలినాళ్ళలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ‘తెలుగు కథానికలో స్త్రీ పాత్రల చిత్రణ’ అన్న శీర్షిక ఇస్తే, దానినుంచి వర్డ్‌ప్రెస్ తనంతట తాను తయారుచేసే వెబ్ చిరునామా ‘తెలుగు-కథానికలో-స్త్రీ-ప’ దగ్గర తెగిపోతుంది. పాత్రలూ లేవు, చిత్రణా లేదు; మిగిలింది ఒక్క ‘ప’. ఇంతే పొడవున్న ఇంగ్లీషు శీర్షికకు ఈ గతి పట్టదు.

కారణం తెలిస్తే లెక్క సులభమే. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో ఆ చిరునామాకు కేటాయించిన గడిలో 200 అక్షరాలు పడతాయి. ఇంగ్లీషు అక్షరం ఒకటి అందులో ఒక స్థానాన్నే ఆక్రమిస్తుంది. తెలుగులో యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఆ మూడు బైట్లను వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో రాసినప్పుడు తొమ్మిది స్థానాలు. అంటే తెలుగుకు దక్కేవి సుమారు 22 సంకేతాలు. పైగా సంకేతమంటే అక్షరం కాదు. ‘స్త్రీ’ చదివేవారికి ఒకే అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అన్న ఆరు సంకేతాలు, అనగా 54 స్థానాలు. ఒక ధారావాహిక భాగాలన్నిటికీ పొడవైన పేరు ఒకటే అయితే, వాటి చిరునామాలన్నీ ఒకేచోట తెగి, చివర అంకె తప్ప వేరే తేడా లేకుండా మిగులుతాయి.

ఈ సంగతి సంపాదకుడికి ఎలా తెలుస్తుంది? వెబ్‌సైటు కట్టడం నేర్పే పుస్తకాలలో ఇది దొరకదు. ఏదో ఒక భాషలో, బహుశా హిందీలోనో థాయ్‌లోనో, ఇదే చిక్కు పడిన మరొకరు ఎప్పుడో నలుగురూ చూసేచోట అడిగి ఉంటే, తెలిసినవారు ఒకరు ఊరికే జవాబు చెప్పి ఉంటే, ఆ సంభాషణ ఇంకా చెరిగిపోకుండా ఉంటే తెలుస్తుంది. వెబ్‌సైట్ల నిర్మాణంలో ఆచరణకు అవసరమైన జ్ఞానంలో అధికభాగం ఇలా పోగయిందే. మూడు దశాబ్దాలుగా కూలి లేకుండా సాగుతున్న ఈ వ్యవహారాన్ని దాతృత్వంగా పొగడడం వాడుక. అసలు సంపద జవాబులోనే ఉందనుకోవడమూ వాడుకే. ఈ రెండు అభిప్రాయాలూ పరిశీలనకు నిలవవు. ఇక్కడి సంపద బహిరంగంగా అడిగిన ప్రశ్న. దాన్ని పోషించేది ఇతరుల ప్రశ్నలు చదివి నేర్చుకునే అలవాటు. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల జరిగిన నష్టం తెలుగు వంటి భాషలకు మరింత ఎక్కువ.

ఊరికే ఎందుకు చెబుతారు?

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా వేసినవారిలో కరీం లఖానీ, ఎరిక్ ఫాన్ హిప్పెల్ ముఖ్యులు. 2003లో ‘రిసర్చ్ పాలసీ’ పత్రికలో ప్రచురితమైన వారి అధ్యయనం, వెబ్‌సైట్లను పాఠకులకు అందించే అపాచీ సర్వర్ వాడుకరులు ఒకరికొకరు ఎలా సాయపడుతున్నారో పరిశీలించింది. సాఫ్ట్‌వేరు రాయడంలో పేరుప్రతిష్ఠలు ఉంటాయి. అందువల్ల ఉచితంగా రాసేవారు ఉన్నారంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఎవరో అపరిచితుడు ఆకృతీకరణ ఫైలులో చేసిన పొరపాటును సరిదిద్దడంలో ఏ కీర్తి ఉంది? ఈ విసుగు పని ఉచితంగా ఎలా సాగుతోంది?

వారు ఆ పనిని భాగాలుగా విడగొట్టి చూశారు. ప్రశ్నను బహిరంగంగా ఉంచడం ఒకటి. దానికీ జవాబు తెలిసిన మనిషికీ జత కుదరడం రెండు. జవాబు రాయడం మూడు. ఈ మూడవ పనికి పట్టే సమయం చాలా స్వల్పమని తేలింది; చాలామంది ముందే తెలిసిన సంగతినే నాలుగు మాటల్లో చెబుతున్నారు. వారి సమయమంతా రెండవ పనిలో, అంటే ఇతరుల ప్రశ్నలూ జవాబులూ చదవడంలో గడుస్తోంది. ఆ చదువు పరోపకారం కోసం కాదు, తమ సైటుకు రేపు రాబోయే చిక్కును ఈరోజే తెలుసుకోవడం కోసం. సాయపడేవారు వెచ్చించే శ్రమలో 98 శాతం తిరిగి వారికే నేరుగా విద్యగా ముడుతోందని ఆ అధ్యయనం తేల్చింది. ఉచిత సహాయమనే వింత ఇంచుమించు అక్కడితో విడిపోయింది.

ఈ నిర్ధారణ విలువైనదే. అయితే దానికి రెండు పరిమితులున్నాయి. అధ్యయనం సాయపడేవారి లాభాన్ని లెక్కించింది. అడగక, చెప్పక కేవలం చదివి వెళ్ళేవారిని లెక్కలోకి తీసుకోలేదు. వెబ్‌సైటు నిర్మాతల్లో అత్యధికులు వీరే. ఇక రెండవది, అపాచీ వాడుకరులు అందరూ ఒకే స్థాయి సాంకేతిక వృత్తిలో ఉన్నవారు, ఇంగ్లీషులో ఒకరినొకరు అర్థం చేసుకోగలవారు. అడిగేవాడి చిక్కు చెప్పేవాడి కంటికి కనబడుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడింది. ఆ నమ్మకం చెల్లనిచోట ఏమవుతుందన్నది వారికి అవసరపడని ప్రశ్న. తెలుగువారికి అదే మొదటి ప్రశ్న.

పొరుగు చూసి నేర్చిన తరం

చదివి నేర్చుకోవడమన్నది చర్చలకంటే ముందునుంచీ వెబ్ స్వభావంలోనే ఉంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడుకునేలా ప్రజలపరం చేసింది. అప్పటి బ్రౌజర్లలో ఏ పుటనైనా తెరిచి, దాని వెనుక ఉన్న హెచ్‌టీఎంఎల్ రాతను యథాతథంగా చూసే వీలు ఉండేది. ఎదుటివారి పుటలో నచ్చిన పట్టికనో రంగునో చూసి, దాని మూలం తెరిచి, ఎత్తి తమ పుటలో పెట్టుకుని, పాడుచేసుకుని, బాగుచేసుకుని నేర్చినవారే తొలితరం నిర్మాతల్లో ఎక్కువ. అడగకుండానే అందే సహాయమిది.

1994లో మొదలైన జియోసిటీస్ దీనికి సామాజిక రూపం ఇచ్చింది. అది తన వాడుకరుల పుటలను పేటలుగా విభజించింది: సినిమాలకు హాలీవుడ్, కంప్యూటర్లకు సిలికాన్ వ్యాలీ, చదువుకూ సాహిత్యానికీ ఏథెన్స్. ప్రతి పుటకూ ఇంటి నంబరు లాంటి సంఖ్య. ప్రతి పేటలో కొత్తవారికి సాయపడే స్వచ్ఛంద ‘సముదాయ నాయకులు’ ఉండేవారు. ఆ పుటల కళాభిరుచిని తరువాతి తరం ఎంతగానో ఎగతాళి చేసింది. కానీ వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కాని లక్షలాది మంది తమ చేత్తో పుట రాయడం అక్కడే నేర్చుకున్నారన్నది ఆ ఎగతాళిలో మరుగున పడింది.

వర్డ్‌ప్రెస్ పుట్టుక కూడా ఒక బహిరంగ విన్నపం, దానికొక జవాబు. బీ2 అనే ప్రచురణ సాఫ్ట్‌వేరును దాని కర్త పట్టించుకోవడం మానేశాక, 2003 జనవరిలో మాట్ ములెన్‌వెగ్ అనే విద్యార్థి తన చిక్కును బహిరంగంగా రాసుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేరు జీపీఎల్ లైసెన్సులో ఉంది కాబట్టి తానే దానిని కొనసాగించవచ్చునన్నది అతని ఆలోచన. ఇంగ్లండులో ఉన్న మైక్ లిటిల్ తానూ చేయి వేస్తానని దాని కింద రాశాడు. ఆ ఏడాది మే 27న వర్డ్‌ప్రెస్ తొలి రూపం వెలువడింది. ఒకరి ఇబ్బంది నలుగురికీ కనబడేచోట ఉండడం వల్లనే ఇది సాధ్యమైంది.

జవాబుల గిడ్డంగి

2008లో జోయెల్ స్పోల్‌స్కీ, జెఫ్ ఆట్‌వుడ్ స్థాపించిన స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ చరిత్రలో పెద్ద మలుపు. అంతకుముందు వెతికి పట్టుకున్న చర్చలో పది పేజీల పొగడ్తలూ తగవులూ దాటితే గానీ జవాబు దొరికేది కాదు. కొన్నిచోట్ల డబ్బు కడితే గానీ కనబడేది కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ రెండు జాడ్యాలనూ తొలగించింది. మంచి జవాబును వోట్లతో పైకి తెచ్చింది. రాసినదంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంచింది. వెబ్‌సైట్లు కట్టేవారికి ఇంతగా ఉపకరించిన మరొక రచనా భాండాగారం లేదంటే అతిశయోక్తి కాదు.

దాని లోపం దాని ఆదర్శంలోనే ఉంది. ఆ సంస్థ తన పనిని విజ్ఞానసర్వస్వ నిర్మాణంగా భావించింది. విజ్ఞానసర్వస్వానికి ఒక విషయం మీద ఒకే పద్దు చాలు. కాబట్టి ఇదివరకే అడిగినదానిని పోలిన ప్రశ్నను నకలుగా గుర్తించి మూసివేయడం విధి అయింది. నమస్కారాలూ కృతజ్ఞతలూ అనవసరం కాబట్టి వాటిని కత్తిరించడం సంస్కరణ అయింది. ఇతరుల ప్రశ్న కింద వ్యాఖ్య రాయడానికి 50 పాయింట్ల పరపతి కావాలన్న నియమం వల్ల ‘నాకూ ఇదే ఇబ్బంది, కాకపోతే చిన్న తేడా ఉంది’ అని కొత్తవారు చెప్పగల చోటు లేకపోయింది. నకళ్ళు అనుకున్నవాటిలో ఉండే ఆ చిన్న తేడాలే విద్యకు ప్రాణమన్న సంగతి ఈ ఏర్పాటులో ఇమడలేదు. కొత్తవారికి, ముఖ్యంగా స్త్రీలకూ అల్పసంఖ్యాక వర్గాలకూ, తమ వేదిక ఆదరంగా లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది.

ఈ ధోరణికి ముందే ఒక శాస్త్రం ఏర్పడి ఉంది. ఎరిక్ రేమండ్ 2001లో, రిక్ మోయెన్‌తో కలిసి, ప్రశ్నలను తెలివిగా ఎలా అడగాలో బోధిస్తూ రాసిన దీర్ఘవ్యాసం అనేక ప్రాజెక్టుల ముంగిట ద్వారపాలకుడిలా నిలిచింది. అందులో సలహాలు సరైనవే: అడిగేముందు వెతకాలి, లక్షణాలు స్పష్టంగా చెప్పాలి, ఊహలు కాక జరిగినది చెప్పాలి. కానీ ఆ వ్యాసం భారమంతా అడిగేవాడి మీదనే మోపింది. తన చిక్కుకు పేరేమిటో తెలిసినవాడే బాగా వెతకగలడు. పేరు తెలిస్తే సగం చిక్కు తీరినట్టే. తెలియనివాడికి ఆ పేరు చెప్పడమే సహాయంలో మొదటి మెట్టు. ఆ మెట్టును ప్రవేశపరీక్షగా మార్చడం రేమండ్ అనుయాయులు చేసిన తప్పు.

జవాబును స్థిరమైన సత్యంగా నిలబెట్టడంలో మరో ప్రమాదమూ ఉంది. డేటాబేసుతో మాట్లాడడానికి పీహెచ్‌పీ భాషలో ఒకప్పుడు అందరూ వాడిన పాత మైఎస్‌క్యూఎల్ ఆదేశాలను 2013లో వాడవద్దన్నారు, 2015 చివర వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. అంతకుముందు వేలాది వోట్లు పొందిన జవాబులు మాత్రం పైనే ఉండిపోయాయి. ఆ తరువాత అదే ప్రశ్న అడిగినవారిని ఆ పాత జవాబుల దగ్గరకే పంపడం కూడా జరిగింది. జవాబుకు వయసు మీరుతుంది. ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం వల్లనే ఆ సంగతి బయటపడుతుంది.

తెలుగు ప్రశ్న

ఈ వేదికల్లో తెలుగు నిర్మాత పరిస్థితి వేరు. స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంగ్లీషు కాక పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో విడిగా వేదికలు నెలకొల్పింది. భారతీయ భాష ఒక్కటీ వాటిలో లేదు. భారతీయ ప్రోగ్రామర్లు ఇంగ్లీషులో అడగగలరన్నది దీనికి చెప్పగల సమర్థన. అడిగేవాడి భాష గురించి అది నిజమే. అడిగే విషయం భాష గురించి కాదు.

తెరపై తెలుగు చెడిపోవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి. ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తాయి. ఎన్‌కోడింగ్ తప్పితే అర్థంలేని లాటిన్ గుర్తుల గుంపు వస్తుంది. 2007లో వెలువడిన వర్డ్‌ప్రెస్ 2.2, డేటాబేసు లిపి సంకేతాన్ని ఆకృతీకరణ ఫైలులో ప్రకటించడం మొదలుపెట్టినప్పుడు, పాత పద్ధతిలో నిల్వచేసిన ఇంగ్లీషేతర సైట్లకు పట్టిన గతి ఇదే. ఇక మూడవది, గుణింతాలనూ ఒత్తులనూ కూర్చే యంత్రాంగం లేకపోతే అక్షరాలు తెలుగువే ఉంటాయి కానీ ‘స్త్రీ’ పొల్లులు విడివిడిగా పరుచుకుని కనబడుతుంది. పీడీఎఫ్‌లను తయారుచేసే కొన్ని పాత లైబ్రరీలలో ఇలాగే జరుగుతుంది. ప్రవాస సంఘం ఒకటి తన సైటు ద్వారా తెలుగు పేర్లతో ప్రశంసాపత్రాలు ఇవ్వబోతే ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

మొదటి రెండు దోషాలను తెలుగు రానివారు కూడా పట్టగలరు. మూడవదాన్ని పట్టలేరు. తెరమీద గుండ్రటి అక్షరాలు కనబడగానే సాయపడేవారు సమస్య తీరిందనుకుంటారు. అడిగినవారు ఇంకా తప్పుగానే ఉందంటే, యూటీఎఫ్-8 సరిగా వాడడం గురించిన ప్రామాణిక ప్రశ్నకు ఇది నకలని తేల్చి మూసివేస్తారు. ఇందులో దురుద్దేశం లేదు; తప్పు వారి కంటికి కనబడదు, అంతే. లఖానీ, ఫాన్ హిప్పెల్ చెప్పిన జత కుదిరే ప్రక్రియ ఇక్కడే తెగిపోతుంది. ప్రశ్నను చదివి నేర్చుకోగలిగినవాడే జవాబు చెప్పగలడు. చదవలేని ప్రశ్న ఎవరికీ ఏమీ నేర్పదు.

దీనికి భిన్నమైన అనుభవం తెలుగువారికి లేకపోలేదు. టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద ఏర్పడిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి, యూనికోడ్ అందుబాటులోకి రాకముందే ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసుకునే దారి చూపింది. పత్రికల సైట్లు ఒక్కొక్కటి తన సొంత ఫాంటులో, మరొక సైటు చదవలేని సంకేతాలలో ప్రచురితమవుతున్న కాలంలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తోడుగా వచ్చిన ‘పద్మ’ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. పోతన ఫాంటు, లేఖిని వంటి పనిముట్లు ఒక తరాన్ని తెలుగులో రాయించాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, సాంకేతిక సందేహాలు తెలుగులోనే అడిగి తెలుగులోనే తీర్చుకునే చోటు కూడా అయింది. వీటిని చేసినవారు, అడిగినవారు, చెప్పినవారు ఒకే లిపి చదివేవారు. ఒత్తు ఎక్కడ విరిగిందో వేలుపెట్టి చూపనవసరం లేదు.

ఆ కృషి యూనికోడ్ గెలుపుతో ముగిసిందన్న భావన మాత్రం పొరపాటు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ఫకు కింద వకారం ఒత్తుగా పడకుండా ఆపే అదృశ్య సంకేతం ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, మరొకరు అది లేకుండా రాస్తే, సైటులోని వెతుకుడుపెట్టె వాటిని రెండు వేర్వేరు మాటలుగా భావించి ఒకదాన్ని చూపకపోవచ్చు. వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దది చేసి అలంకరించబోతే ‘స్త్రీ’లో ‘స్’ మాత్రమే పెద్దదయ్యే అవకాశమూ ఉంది. ఇటువంటి సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒక్క ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షనుతో వచ్చింది. ఆంగ్లాక్షరాల కొలతతో నిర్ణయించిన వరుసల ఎడంలో ఒత్తుల కింది భాగం తెగడం నేటికీ సర్వసాధారణం. ఇవన్నీ తెలుగు సైటు నడిపే ప్రతివారూ విడివిడిగా పడి, విడివిడిగా పరిష్కరించుకుని, మౌనంగా ఉండిపోయే చిక్కులు.

గోడలు, తాళాలు

పరస్పర సహాయం ఎవరి స్థలంలో జరుగుతోందన్నది చాలాకాలం ఎవరూ పట్టించుకోని విషయం. 1999లో జియోసిటీస్‌ను యాహూ కొన్నది. 2009 అక్టోబరులో మూసివేసింది. స్వచ్ఛందంగా పూనుకున్న ‘ఆర్కైవ్ టీమ్’ వంటివారు దించుకుని దాచినంత మేరకే ఆ పుటలు మిగిలాయి. ఏథెన్స్ పేటలో ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న చరిత్రలో చాలాభాగం ఆ తాళంతోపాటు పోయింది.

స్టాక్ ఓవర్‌ఫ్లో కథ ఇంకొక రకం. 2021లో ప్రోసస్ సంస్థ దానిని 180 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ధర సాఫ్ట్‌వేరుకు కాదు. లక్షలమంది ఊరికే రాసిన ప్రశ్నోత్తరాలకు. 2023 జూన్‌లో, కృత్రిమమేధ రాసిన జవాబులను తొలగించే అధికారంపై సంస్థ విధించిన ఆంక్షలకు నిరసనగా స్వచ్ఛంద పర్యవేక్షకులు సమ్మె చేశారు. 2024 మేలో ఓపెన్‌ఏఐతో ఒప్పందం ప్రకటించినప్పుడు కొందరు సభ్యులు తమ పాత జవాబులను చెరిపివేయబోతే, సంస్థ వారి ఖాతాలను తాత్కాలికంగా నిలిపివేసింది. న్యాయం సంస్థవైపే ఉంది: ఉచిత లైసెన్సులో ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవడం కుదరదు, తీసుకుంటే నష్టపోయేది చదివేవారే. కానీ ఇచ్చినవారి గాయమూ నిజమే. వారు పొరుగువారికిచ్చామనుకున్నారు. అది గిడ్డంగికి చేరింది.

ఆ ఏడాదే సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ లోకంలో మరో తగవు రేగింది. ములెన్‌వెగ్‌కూ, వర్డ్‌ప్రెస్ సైట్లకు ఆతిథ్యమిచ్చే డబ్ల్యూపీ ఇంజిన్ అనే సంస్థకూ మధ్య వివాదం ముదిరి, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో ఆ సంస్థ ప్రవేశాన్ని అడ్డుకున్నారు. అక్టోబరులో, ఆ సంస్థతో తనకు సంబంధం లేదని గుర్తు పెడితే తప్ప ఎవరూ లోపలికి పోలేని గడి ఒకటి ప్రవేశద్వారం దగ్గర వెలసింది. డిసెంబరులో న్యాయస్థానం జోక్యం చేసుకుని ప్రవేశాన్ని పునరుద్ధరించమంది. వివాదంలో ఎవరి వాదన బలమైనదన్నది వేరే సంగతి. సాఫ్ట్‌వేరు జీపీఎల్ కింద అందరిదీ అయినా, దాని గురించి ప్రశ్న అడిగే గుమ్మం ఒక మనిషి చేతిలో ఉండవచ్చునని ఈ ఘటన బయటపెట్టింది. లైసెన్సు రాతను కాపాడింది. గుమ్మాన్ని కాపాడలేదు.

యంత్రం ముందు ప్రశ్న

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక అడిగే అలవాటే మారింది. 2024లో ‘పీఎన్‌ఏఎస్ నెక్సస్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, అది అంతగా అందుబాటులో లేని రష్యన్, చైనీస్ వేదికలతో పోల్చి చూసి, ఆ తరువాతి ఆరు నెలల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో రచనలు 25 శాతం తగ్గాయని అంచనా కట్టింది.

అడిగేవారివైపునుంచి చూస్తే ఈ వలసను తప్పుపట్టలేం. యంత్రం నకలని తలుపు వేయదు. చిక్కు పేరు తెలియకపోయినా వివరిస్తే పేరు చెబుతుంది. రేమండ్ ప్రవేశపరీక్ష అక్కడ లేదు. ‘అండీ’ అని మొదలుపెట్టి తెలుగులో అడిగితే కత్తిరించకుండా వింటుంది. భారతీయ భాషలకు చోటివ్వని వేదికలతో పోలిస్తే తెలుగు నిర్మాతకు ఇది చిన్న లాభం కాదు. ఇంతకాలం సముదాయాలు ఇవ్వని మర్యాదను యంత్రం ఇస్తోందన్న విమర్శను ఆ సముదాయాలు తలవంచి స్వీకరించవలసిందే.

అయితే ఆ గదిలో అడిగిన ప్రశ్న మరొకరికి కనబడదు. 98 శాతమని లెక్కించిన ఆ విద్య మొత్తం ఇతరుల ప్రశ్నలు చదవడంలోనే పుట్టింది. ఈరోజు ఒక సంపాదకుడు తెగిపోయిన చిరునామా గురించి యంత్రాన్ని అడిగి తెలుసుకుంటే, రేపు అదే చిక్కు పడే మరొకరికి ఆ సంభాషణ లేదు. దాన్ని చూసి నేర్చుకుని పదిమందికి చెప్పగలిగే మూడవ మనిషి తయారుకాడు. వర్డ్‌ప్రెస్ నిర్వాహకులకు ఆ 200 అక్షరాల గడి ఎంతమందిని ఇబ్బంది పెడుతోందో తెలియదు. బహిరంగంగా వందమంది అడిగిన ప్రశ్న ఒక ఫిర్యాదు అవుతుంది. ఏకాంతంలో వందమంది అడిగినది వంద ఊరడింపులుగానే మిగులుతుంది.

యంత్రానికి చెప్పడం వచ్చింది కూడా పాత బహిరంగ ప్రశ్నలనుంచే. ఇంగ్లీషులో ఆ నిల్వ అపారం కాబట్టి కొంతకాలం కొత్తవి చేరకపోయినా గడుస్తుంది. తెలుగులో ఒత్తు విరగడం, అదృశ్య సంకేతం, తెగిన చిరునామా గురించి తెలుగువారు రాసి ఉంచినది మొదటినుంచే స్వల్పం. రాయని జ్ఞానాన్ని ఏ యంత్రమూ నేర్చుకోలేదు. అటువంటిచోట అది ఇంగ్లీషు లిపికి పనికివచ్చిన జవాబునే తెలుగుకు అతికించి, తప్పని తెలియకుండా ధీమాగా చెప్పే ప్రమాదం ఉంది. తప్పు కంటికి కనబడని పాత సహాయకుడి స్థితే అది.

మిగిలే పని

2011లో వెలువడిన ‘ఎక్స్‌కేసీడీ’ వ్యంగ్యచిత్రం ఒకటి వెబ్ నిర్మాతల్లో బాగా ప్రసిద్ధం. తన చిక్కునే యథాతథంగా 2003లో అడిగిన ఒక అజ్ఞాతుడి ప్రశ్న దొరికి, దాని కింద ఒక్క జవాబూ లేకపోవడంతో తెరను పట్టుకుని ఆక్రోశించే మనిషి బొమ్మ అది. అందరూ నవ్వుకునేది జవాబు దొరకనందుకు. కానీ ఆ మనిషికి ఒకటి దొరికింది: ఆ చిక్కు తన భ్రమ కాదని, ఎనిమిదేళ్ళ క్రితం మరొకరూ పడ్డారని చెప్పే సాక్ష్యం. తెలుగు సైటు నడిపేవారికి అనేక విషయాల్లో ఆపాటి సాక్ష్యం కూడా దొరకదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారిలో వెబ్ సాంకేతికతలో పనిచేసేవారు ఎందరో. సంఘాలకూ పత్రికలకూ గుడులకూ తెలుగు బడులకూ సైట్లు కట్టి, తీరిక వేళల్లో నడుపుతున్నది చాలాచోట్ల వారే. వారి దగ్గర లేనిది నైపుణ్యం కాదు, సమయం కూడా కాదు. జవాబు రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలేనని ఇరవై ఏళ్ళ క్రితమే తేలింది. లోపించినది, చిక్కు తీరిన రోజున దాని లక్షణమేమిటి, ఏ వెర్షనులో కనబడింది, ఎలా తీరింది అన్న మూడు సంగతులనూ తెలుగులో, ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా చూడగలచోట రాసిపెట్టే అలవాటు. యంత్రాన్ని అడిగి తెలుసుకున్నా సరే, అది పనిచేసిందో లేదో తేల్చగలిగేది ‘స్త్రీ’ని చదవగలిగిన మనిషే కాబట్టి, ఆ తీర్పు రాసిపెట్టవలసినదీ ఆ మనిషే. తీరని చిక్కునైతే తీరలేదనే రాయడం మరింత అవసరం.

ఈలోగా ‘తెలుగు కథానికలో స్త్రీ పాత్రల చిత్రణ’ రాసిన సంపాదకుడు ఏం చేస్తాడు? చిరునామాను ఇంగ్లీషు అక్షరాలలో తానే రాసి, చిక్కు తప్పించుకుంటాడు. తెలుగు సైట్లలో ఎక్కువ భాగం చేస్తున్నది అదే. అది తెలివైన పరిష్కారమే. కానీ దాని గురించి ఎవరూ ఎక్కడా అడగలేదు కాబట్టి, తెలుగు శీర్షికలకు తెలుగు చిరునామా చాలలేదన్న సంగతి చాలించవలసినవారికి చేరదు.